నోటీసు బోర్డులో మచ్చోడు

ఫోనుల్లో ఆటలాడుకునేవాళ్ళ ఖాతాలను హ్యాకర్లు ఎత్తుకుపోతున్నారన్న సంగతి చెవిన పడ్డ రోజు నుంచీ పైవాళ్ళకు కంటిమీద కునుకు లేదు. ఒక కమిటీ వేశారు. కమిటీ వాళ్ళు ఎండాకాలమంతా ఒక చల్లటి కొండ ఊళ్ళో కూర్చుని ఆలోచించి, జబ్బు ఎక్కడుందో కనిపెట్టారు. జనం పాస్‌వర్డులను తలకాయల్లో పెట్టుకుంటున్నారు. తలకాయకు రిజిస్టరు లేదు, సీలు లేదు, ఏడాదికోసారి తనిఖీ చేసే అధికారీ లేడు. ఇంత విలువైన సమాచారాన్ని ఇంత నిర్లక్ష్యంగా ఉంచితే హ్యాకర్లు ఎత్తుకుపోక ఏం చేస్తారు? కాబట్టి ప్రతి ఆట ఖాతా పాస్‌వర్డునూ ప్రభుత్వ రిజిస్టరులో ఎక్కించి ఇనుప బీరువాలో భద్రపరచాలని ఉత్తర్వు వచ్చింది. ఏ శాఖకూ చెందని పని రెవెన్యూ శాఖకు చెందుతుంది కాబట్టి ఈ పని కూడా తహశీల్దారు ఆఫీసుల నెత్తిన పడింది.

గుండ్లకొత్తూరు మండలంలో ఈ సంగతి ఆటోకు మైకు కట్టి చాటించారు. నెలాఖరులోగా నమోదు కాని ఖాతాలు యజమాని లేని ఖాతాలుగా పరిగణించబడునని మైకులో చెప్తుంటే, బస్టాండు వీధిలో జాకెట్లు కుట్టుకుంటున్న వజ్రమ్మ కాలు మిషను మీద ఆగిపోయింది.

వజ్రమ్మకు యాభై ఏడేళ్ళు. ఆమెకు ఫోనులో ఒక పొలం ఉంది. పచ్చపొలం అనే ఆట అది. గళ్ళు గళ్ళుగా నేల ఇస్తారు. విత్తనాలు వేసుకోవాలి, నీళ్ళు పెట్టుకోవాలి, పంట కోసుకోవాలి. దగ్గర ఊళ్ళలో ఆడేవాళ్ళనే పక్క పొలంవాళ్ళుగా చూపిస్తుంది. కావాలనుకుంటే పక్కపొలం ఆయన మన పొలానికి నీళ్ళు పెట్టవచ్చు. వరసగా ముప్పై రోజులు నీళ్ళు అందకపోతే మాత్రం ఆ పొలాన్ని ఆట చెరిపేస్తుంది, మళ్ళీ ఎంత మొత్తుకున్నా ఇవ్వదు.

ఆమెకు నిజం పొలం కూడా ఎకరన్నర ఉంది. దాని పక్క ఎకరన్నర తమ్ముడు చెంచయ్యది. పదకొండేళ్ళ కిందట మధ్యనున్న గట్టు మూరెడు ఇటు జరిగిందని ఆమె, అటు జరిగిందని అతను పట్టుబట్టారు. నాలుగుసార్లు సర్వే చేయించారు. నాలుగుసార్లూ గట్టు నాలుగు చోట్ల తేలింది. దాంతో మాటలు పోయాయి. బోరు తమ్ముడి వైపు ఉండిపోయింది. నీళ్ళు అడగడానికి ఆమెకు అభిమానం అడ్డొచ్చింది, అడక్కుండా పెట్టడానికి అతనికి అడ్డొచ్చింది. ఎకరన్నరా సర్కారు తుమ్మ కమ్మేసింది, వజ్రమ్మ పట్నంలో మిషను పెట్టుకుంది.

ఆటలో ఆమెకు తూర్పు పక్కన 'ఎర్రనేల' అనే పేరుతో ఎవరో సాగు చేసుకునేవారు. రెండేళ్ళ కిందట ఒక పొద్దున ఆ పొలంలోకి చూస్తే అక్కడి ఎద్దు పేరు మచ్చోడు అని ఉంది. నాలుగు సాళ్ళు మిరప వేసి ఒక సాలు ఖాళీ వదిలి ఉంది. మచ్చోడు వాళ్ళ నాయన ఎద్దు. నాలుగు సాళ్ళకొకటి ఖాళీ వదలడం వాళ్ళ నాయన పిచ్చి, ఊరంతా నవ్వినా మానలేదు ఆయన. వజ్రమ్మ ఆ పొద్దున రెండు జాకెట్లకు చేతులు తిరగేసి కుట్టింది. మర్నాడు తన పొలంలోనూ నాలుగు సాళ్ళకొకటి ఖాళీ వదిలింది. ఆ మర్నాడు నిద్రలేచేసరికి ఆమె పొలానికి ఎవరో నీళ్ళు పెట్టి ఉన్నారు.

అప్పట్నుంచీ పొద్దున ఆమె పొలానికి అతను, సాయంత్రం అతని పొలానికి ఆమె నీళ్ళు పెట్టుకుంటున్నారు. రెండేళ్ళలో ఒక్క మాట లేదు, ఒక్క నమస్కారం బొమ్మ లేదు. పైకి తేలితే తమ్ముడు సిగ్గుపడి మానేస్తాడని ఆమె భయం. తోడబుట్టినవాడితో ఆమెకు మిగిలిన సంబంధం ఆ బిందెడు బొమ్మనీళ్ళే. అందుకని మైకు అరిచిన మర్నాడే షాపు మూసి, ఆధార్ కాగితం పట్టుకుని ఆఫీసుకు బయల్దేరింది.

తహశీల్దారు పరంధామయ్య గారికి ఆట ఖాతాల పరిరక్షణాధికారిగా అదనపు బాధ్యతలు వచ్చి వారమైంది. కొత్త ఫారాలు ఇంకా అచ్చు కాలేదు. పాత భూమి ఫారాల మీద 'భూమి' అన్నచోట కొట్టేసి 'ఆట' అని రాసి ఇస్తున్నారు. అందుచేత ప్రతివాళ్ళూ తమ ఆటకు నలుదిక్కులా హద్దులు, నీటి వసతి, చెట్ల సంఖ్య రాయవలసి వస్తోంది. కార్ల పందాలాడే కుర్రాళ్ళు జుట్టు పీక్కుంటున్నారు. వజ్రమ్మకు మాత్రం అన్నీ ఉన్నాయి. తూర్పు హద్దు అన్నచోట 'ఎర్రనేల' అని రాసింది. అసలు పేరు రాయలేదు.

పాస్‌వర్డు గడిలో 'మచ్చోడు12' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. ఆ ఎద్దు వాళ్ళింట్లో పన్నెండేళ్ళు బతికింది. మూడు ప్రతులు కావాలన్నారు. మూడింటి మీదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ కావాలన్నారు. ఊళ్ళో అందుబాటులో ఉన్న గెజిటెడ్ అధికారి పశువుల డాక్టరు గారొక్కరే. ఆయన గేదెకు సూది వేసి వచ్చి, చేతులు కడుక్కుని, కాగితం చూసి, అసలు ఏదీ అన్నారు. అసలు తలలో ఉందని వజ్రమ్మ చెప్పింది. డాక్టరు గారు ఆమె తలను ఒకసారి చూసి, 'అసలుతో సరిచూడబడినది' అని సంతకం చేసి ముద్ర కొట్టారు.

మండలంలో మొత్తం రెండువందల పద్నాలుగు ఖాతాలు నమోదయ్యాయి. బీరువాకు రెండు తాళాలు వేసి, ఒక తాళంచెవి తహశీల్దారు గారి దగ్గర, రెండోది పెద్ద గుమాస్తా దగ్గర పెట్టారు. వజ్రమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని ఇంటికి పోయి నిద్రపోయింది.

సోమవారం నాడు నోటీసు బోర్డులో జాబితా పడింది.

ఏ జాబితానైనా ఖాయం చేసేముందు ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాల కోసం పదిహేను రోజులు గడువు ఇవ్వడం ఆ ఆఫీసులో తాతలనాటి ఆచారం. రేషను కార్డులకు అలాగే చేశారు, ఓట్లకు అలాగే చేశారు. ఆటలకు కూడా అలాగే చేశారు. వరస సంఖ్య, పేరు, తండ్రి పేరు, ఆట పేరు, పాస్‌వర్డు. చదువు రానివాళ్ళ సౌకర్యం కోసం అటెండరు రోజుకు రెండుసార్లు పైకి చదివి వినిపిస్తున్నాడు. బోర్డు ముందు తిరునాళ్ళలా జనం. ఫోనులెత్తి ఫోటోలు తీసుకుంటున్నారు.

వజ్రమ్మ వెళ్ళి తన పేరు నూట ముప్పై ఏడో నంబరులో చూసుకుంది. లోపలికి పోయి, అందరికీ కనపడేట్టు పెడితే ఎట్టా సార్ అని అడిగింది.

పరంధామయ్య గారు మంచి మనిషి, ఎవర్నీ విసుక్కోరు. "దాచిపెడితే పారదర్శకత ఏముంటుందమ్మా?" అన్నారు. "మీ పాస్‌వర్డు తమదని వేరొకరు అభ్యంతరం చెప్పదలిస్తే, సదరు వ్యక్తి దానిని ముందు చూడవలె కదా. సహజ న్యాయసూత్రం."

అయినా ప్రజల ఆందోళనను పరిగణనలోకి తీసుకుని సాయంత్రానికి బోర్డు కింద ఇంకో కాగితం అంటించారు. 'ఈ జాబితా చదివినవారు గుర్తుపెట్టుకోరాదు.' అంతకంటే కఠినమైన చర్య తీసుకునే అధికారం మండల స్థాయిలో లేదు.

ఇంటికి పోగానే పాస్‌వర్డు మార్చుకోవాలనుకుంది వజ్రమ్మ. కానీ రసీదు వెనక నిబంధనలో, అభ్యంతరాల గడువులో పాస్‌వర్డు మార్చినచో నమోదు రద్దగునని ఉంది. రద్దయితే యజమాని లేని ఖాతా. వజ్రమ్మ చట్టానికి భయపడే మనిషి. మార్చలేదు.

గురువారం పొద్దున ఆమె ఆట తెరిస్తే పాస్‌వర్డు తప్పు అంది. పక్క షాపు అమ్మాయి ఫోనులో తన పొలాన్ని బయట నుంచి చూసింది. గేటు మీద 'కింగ్ డెవిల్ 9' అని పేరు. మిరప మొత్తం పీకేసి ఉంది. ఖాళీ వదిలిన సాళ్ళలో కూడా పొద్దుతిరుగుడు వేసేశాడు. ఆమెకు ఏడుపొచ్చింది. మిరప పోయినందుకు కాదు, ఆ ఖాళీ సాళ్ళు పూడ్చేసినందుకు.

శుక్రవారానికి రెండువందల పద్నాలుగులో రెండువందల పదమూడు ఖాతాలు పోయాయి. మిగిలిన ఒక్కటీ గుమాస్తా దస్తూరీ ఎవరికీ అర్థం కానందువల్ల మిగిలింది. దీన్ని పై ఆఫీసుకు 'చేతిరాత ద్వారా భద్రత' అనే పేరుతో ప్రత్యేక విజయంగా రాసి పంపారు.

వజ్రమ్మ అర్జీ పెట్టుకుంది. భూమి ఫారం మీద నమోదైన ఆస్తిలోకి పరాయివాడు జొరబడితే దాన్ని ఆక్రమణ అంటారు. ఆక్రమణ అయితే సర్వే చెయ్యాలి, హద్దుదారుల వాంగ్మూలం తీసుకోవాలి, విచారణ జరపాలి. తూర్పు హద్దుదారుడైన ఎర్రనేల గారు మంగళవారం హాజరు కావలెనని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా దండోరా వేయించారు. దండోరా మాట తెలిసి వజ్రమ్మ కుదేలయింది. తమ్ముడు రాడు. రాకపోగా, సంగతి బయటపడిందని ఆ పొలం కూడా మూసేసుకుంటాడు.

మంగళవారం ఆమె ఆఫీసుకు పోయేసరికి నోటీసు బోర్డు ముందు చెంచయ్య నిలబడి ఉన్నాడు. అతను ఆ ఆఫీసు మీద కోపంతో దేన్నీ నమోదు చేయించుకోడు, అందుకే అతని ఆట అతనికి మిగిలింది. తువ్వాలు భుజాన వేసుకుని, నూట ముప్పై ఏడో నంబరు మీద వేలు పెట్టి చదువుతున్నాడు. మచ్చోడు12. ఆ వేలు అక్కడే చాలాసేపు ఉంది. అక్క వచ్చిందని తెలిసినా వెనక్కి తిరగలేదు.

విచారణలో ఇద్దరూ ఒకే బల్ల మీద ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చున్నారు. ముందు సర్వేయరు మస్తాన్ వలి పొలాన్ని కొలిచాడు. ఫోనును బల్ల మీద బోర్లా పడకుండా ఇటుకముక్క ఆనించి, స్కేలు పెట్టి గడి గడికీ కొలతలు తీసి పటం గీశాడు. ఫోను మారినప్పుడల్లా పొలం విస్తీర్ణం మారుతోందని, ఇది నదీ తీర భూముల్లో మామూలేనని రిపోర్టులో రాశాడు. గతంలో గట్టును నాలుగు చోట్ల తేల్చింది ఇతనే.

తరవాత తహశీల్దారు గారు చెంచయ్యను అడిగారు, ఈ పొలం ఎవరిది, మీకెట్లా తెలుసు అని.

చెంచయ్య కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "మా అక్కది సార్. రెండేళ్ళ నుంచి పొద్దున్నే నీళ్ళు పెడతన్నా. నాకు తెల్వదా."

"దొంగ ప్రవేశించిన తదుపరి కూడా పెట్టితిరా?"

"పెట్టా."

"దేనికి?"

"మొక్కలేం జేసినయ్ సార్. అక్క మళ్ళీ వచ్చేసరికి నేల ఎండిపోకూడదు గదా."

వజ్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదకొండేళ్ళకు తమ్ముడి నోట అక్క అన్న మాట వింది. అక్కడికక్కడ లేచి వాడి తువ్వాలు పట్టుకుని ఏడవాలనిపించింది, కానీ విచారణలో కక్షిదారులు స్థానాలు విడవకూడదని ముందే హెచ్చరించారు.

పరంధామయ్య గారికి ఈ వాంగ్మూలంలో వేరే విషయం కనిపించింది. ఇతరుల పొలానికి రెండేళ్ళు నీళ్ళు పెట్టినవాడు అనుభవంలో ఉన్నట్టే లెక్క కాబట్టి చెంచయ్యను కూడా ఒక కక్షిదారుగా చేర్చుకున్నారు. ఇంతలో మస్తాన్ వలి తన పటంలో, చెంచయ్య మామిడి చెట్టు కొమ్మలు వజ్రమ్మ పొలంలోకి రెండు గళ్ళు వచ్చినట్టు తేలిందన్నాడు. దీనికి వేరే ఫైలు తెరవమంటారా అని తహశీల్దారు గారు ఆమెను ఆప్యాయంగా అడిగారు.

అక్కాతమ్ముళ్ళు మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఉండనీండి సార్" అంది వజ్రమ్మ. "నీడేగా."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. కింగ్ డెవిల్ 9 కూడా దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆన్‌లైన్లో, మూడు ప్రతుల్లో, అన్ని గడులూ పూరించి. నివాసం అన్నచోట 'సదరు పొలమే' అని రాశాడు. తాను ఇన్ని రోజులుగా ఆ భూమిని శాంతియుతంగా సాగు చేసుకుంటున్నానని, పొద్దుతిరుగుడు పూతకొచ్చిందని, తన పేరు రికార్డుల్లో ఎక్కించవలసిందని. పరంధామయ్య గారు ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని చదివారు. తన సర్వీసులో ఇంత సక్రమమైన దరఖాస్తు చూడలేదన్నారు.

అతను దొంగ సార్ అంది వజ్రమ్మ.

"దొంగతనం పోలీసు శాఖ పరిధి అమ్మా. మాకు అనుభవం ముఖ్యం" అన్నారాయన. "ప్రస్తుతం పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళ్ళగలిగినది ఎవరు? సదరు డెవిల్ గారు. మీరు వెళ్ళగలరా? వెళ్ళలేరు. రికార్డు అబద్ధం చెప్పదు కదా."

సమగ్రంగా పరిశీలించిన మీదట శనివారం ఉత్తర్వు వచ్చింది. పట్టాదారు గడిలో వజ్రమ్మ. అనుభవదారు గడిలో కింగ్ డెవిల్ 9. రిమార్కుల్లో చెంచయ్య, నీటి నిమిత్తం. ముగ్గురి మధ్య వివాదం తేలేవరకు ఆ పొలాన్ని, దాని హద్దు పొలాన్ని నిషేధిత జాబితాలో పెట్టి, ఎవరూ లోపలికి పోకుండా చూడమని ఆట కంపెనీకి తాఖీదు పోయింది. కంపెనీవాళ్ళకు ప్రభుత్వ ముద్ర చూస్తే భయం. రెండు పొలాలకూ తాళం వేసేశారు.

వజ్రమ్మ ఆ కాగితం పట్టుకుని పరుగున వెళ్ళి, నీళ్ళు లేకపోతే ముప్పై రోజుల్లో చెరిగిపోద్ది సార్, కనీసం నీళ్ళన్నా పెట్టుకోనీండి అని బతిమాలింది. ఆమె కష్టం పరంధామయ్య గారికి తెలియక కాదు. తాళం తియ్యాలంటే పై ఉత్తర్వు కావాలి, పై ఉత్తర్వు కావాలంటే ఫైలు పోవాలి, ఫైలు పోవాలంటే వివాదం తేలాలి.

"ఒక్కటి గ్రహించండమ్మా" అన్నారు ఓదార్పుగా. "ఇప్పుడు మీ ఖాతాలోకి హ్యాకరు పోలేడు. మీ తమ్ముడు పోలేడు. మీరు కూడా పోలేరు. ఇంతకు మించిన భద్రత ప్రపంచంలో ఎక్కడుంది?"

మిగిలిన రెండువందల పన్నెండు ఖాతాలకూ ఇదే భద్రత కల్పించారు. దస్తూరీ అర్థంకాని ఆ ఒక్కటి కూడా అందరితో పాటే ఉండాలని మూసేశారు. నెల తిరగకుండానే గుండ్లకొత్తూరు హ్యాకింగ్ లేని మండలమైంది. జిల్లా కేంద్రంలో సభ పెట్టి పరంధామయ్య గారికి శాలువా కప్పారు. ఆయన మాట్లాడుతూ, తమ మండలంలో గత ఇరవై రోజులుగా ఒక్క ఖాతా కూడా చోరీకి గురికాలేదని చెప్పారు. అది అక్షరాలా నిజం.

ముప్పయ్యో రోజు పొద్దున వజ్రమ్మ మిషను ముందు కూర్చుని ఫోను చూసింది. పక్క షాపు అమ్మాయి ఫోనులో కూడా చూసింది. తన పొలం ఉన్నచోట మట్టిరంగు తప్ప ఏమీ లేదు. తూర్పున ఎర్రనేల కూడా లేదు. మచ్చోడు లేడు. ఆమె షట్టరు సగం దించి, లోపల కూర్చుని కడుపారా ఏడ్చింది. రెండోసారి నాయన చచ్చిపోయినట్టు అనిపించింది. ఇక తమ్ముడి పొలంలోకి చూడటానికి కిటికీ లేదు, వాడికీ లేదు.

షట్టరు కింద ఎవరివో కాళ్ళు కనిపించాయి. బురద అంటిన కాళ్ళు.

"అక్కా" అన్నాడు చెంచయ్య బయట నుంచే. "ఆడంటే చెరిగిపోయింది. ఈడన్నా నీళ్ళు పెడదామా."

వజ్రమ్మ షట్టరు ఎత్తింది. వాడికి చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. అన్నం తిన్నావా అని అడిగింది. తినలేదన్నాడు. ఇద్దరూ తిని, అతని బండి మీద పొలానికి పోయారు. తుమ్మ కొట్టించడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు చెంచయ్య మోటారు వేసి, పార తీసుకుని, నాలుగుసార్లు సర్వే అయిన ఆ గట్టును మధ్యలో తెంచాడు. నీళ్ళు అవతలికి పోయాయి. పదకొండేళ్ళు ఎండిన నేల బుసబుసమని తాగింది. అక్క నాలుగు సాళ్ళు వేసి ఒకటి ఖాళీ వదులుతుంటే, నువ్వు కూడా నాయన లాగే తయారయ్యావే అని తమ్ముడు నవ్వాడు.

వారం తిరక్కుండా మస్తాన్ వలి మోటారు సైకిలు మీద దిగాడు. చంకలో రిజిస్టరు. వివాదంలో ఉన్న గట్టును ఎవరో తెంచారని ఆఫీసుకు సమాచారం వచ్చిందట. అక్కాతమ్ముళ్ళు కలిసిపోయారని కూడా వచ్చిందట, అది మంచిదే కాబట్టి తహశీల్దారు గారు సంతోషించి, ఈ సఖ్యతకు భద్రత కల్పించమన్నారట. నీళ్ళు ఎవరు పెడుతున్నారు, ఏ వేళకు, ఎన్నాళ్ళ నుంచి, ఎవరి అనుమతితో, అన్నీ నమోదు చేసుకుపోతే ఇక ముందు ఎవరూ దీన్ని చెడగొట్టలేరు. సర్వేయరు గట్టు మీద కూర్చుని, రిజిస్టరు మోకాళ్ళ మీద తెరిచి, పెన్ను మూత తీశాడు.

చెంచయ్య ఏదో చెప్పబోయాడు. వజ్రమ్మ మిరప నారు కింద పెట్టి, బురద చేతులతోనే వచ్చి, సర్వేయరు చేతిలోని పెన్నుకు మూత పెట్టింది.

"రాయబాకండి సార్" అంది. "రాస్తే పోద్ది."